కోడి చిప్పలో నీళ్ళు



రెండేళ్ళ కిందట ఏప్రిల్ నెలలో మా ఇంట్లో జరిగిన ఒక చిన్న సంగతితో మొదలుపెడతాను. మాది బీదరు జిల్లా మన్నళ్ళి. ఇంటి వెనక దొడ్డిలో ఏడు పెట్టలు, ఒక పుంజు. మా అత్తమ్మ పొద్దున్నే లేచి స్టీలు గిన్నె బూడిదతో తళతళలాడేట్టు తోమి, బోరు నీళ్ళు నిండా పోసి దొడ్డి నడుమ పెట్టేది. ఆ రోజు మధ్యాహ్నం రెండింటికి చూస్తే గిన్నెలో నీళ్ళు పోసినవి పోసినట్టే ఉన్నాయి. కోళ్ళన్నీ జాలారు వెనక కాలవ దగ్గర చేరి, సబ్బు నురగ, అన్నం మెతుకులు, పాచి కలిసిన నీళ్ళలో ముక్కులు ముంచి తాగుతున్నాయి. అత్తమ్మ మనసు కష్టపెట్టుకుంది. "చూడు బిడ్డా, మంచినీళ్ళు పోస్తే ముట్టయి. మురికికే మరిగినయి" అంది.

నేను గిన్నెలో వేలు పెట్టాను. స్నానానికి కాచిన నీళ్ళలా ఉన్నాయి. కాలవలోనూ వేలు పెట్టి చూశాను. అరటిచెట్ల నీడన ఆ నీళ్ళు చల్లగా ఉన్నాయి. కోళ్ళు మురికిని వెతుక్కుంటూ పోలేదు, చల్లదనాన్ని వెతుక్కుంటూ పోయాయి. ఆ సాయంత్రమే గిన్నె మార్చాం, చోటు మార్చాం. మర్నాటి నుంచి కాలవ వైపు పోయే కోడి లేదు.

నీళ్ళు పోశామా లేదా అని మనం చూసుకుంటాం. కోడి ఆ నీళ్ళు తాగిందా లేదా అన్నది చూడం. ఇవాళ నేను మాట్లాడబోయేది ఈ రెండింటి మధ్య ఉన్న తేడా గురించే. ఆ తేడా చాలావరకు గిన్నెలో ఉంది, గిన్నె పెట్టిన చోట ఉంది, గిన్నె తోమే చేతిలో ఉంది.

కోడికి చెమట పట్టదు. దాని ఒంట్లో చెమట గ్రంథులే లేవు. ఎండ ముదిరితే అది ముక్కు తెరిచి, రెక్కలు ఒంటికి ఎడంగా పెట్టి రొప్పుతుంది. ఆ రొప్పుతోనే ఒంట్లోని నీరు ఆవిరై, వేడిని వెంట తీసుకుని బయటికి పోతుంది. పోయిన నీళ్ళు మళ్ళీ లోపలికి రావాలి. మామూలు రోజుల్లో కోడి తిన్న మేతకు తూకంలో రెండింతల నీళ్ళు తాగుతుంది. గుడ్లు పెట్టే పెట్ట రోజుకు పావు లీటరు దాకా తాగుతుందని లెక్క పెట్టుకోవచ్చు. ఎండాకాలంలో అది అర లీటరుకు పోతుంది. మా ఎనిమిదింటికీ మే నెలలో రోజుకు నాలుగు లీటర్లు కావాలి. అత్తమ్మ పెట్టిన స్టీలు గిన్నెలో పట్టేది ఒక లీటరు.

పెంకు తీసేసిన గుడ్డులో ముప్పావు వంతు నీళ్ళే. ఆ నీళ్ళు ఎక్కడి నుంచి రావాలి? ఒక రోజంతా నీళ్ళు అందకపోతే పెట్ట గుడ్లు తగ్గించేస్తుంది, ఒక్కోసారి ఆపేస్తుంది. మళ్ళీ దారిన పడడానికి వారాలు పడుతుంది. "ఎండాకాలం కదా, గుడ్లు పెట్టవు" అని సరిపెట్టుకునే ఇళ్ళల్లో ముందు నీళ్ళ గిన్నె చూడమని నేను చెబుతాను. జొన్నలు, నూకలు ఎంత చల్లినా దాహంతో ఉన్న కోడి తినదు. మేత మిగిలిపోయిందంటే నీళ్ళు చాలడం లేదేమోనని అనుమానించాలి.

నీళ్ళు చల్లగా ఉండాలంటే నీడ కావాలి. ఈ మాట బీదరు వాళ్ళకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. 15వ శతాబ్దంలో బహమనీ సుల్తానులు గుల్బర్గా నుంచి రాజధానిని ఇక్కడికి మార్చాక, ఈ ఎర్రరాతి పీఠభూమి కింద సొరంగాలు తవ్వించి నీళ్ళు పారించారు. పారశీక దేశపు పద్ధతి అది. కరేజ్ అంటారు, మనవాళ్ళు సురంగ బావి అంటారు. నౌబాదు దగ్గర ఇప్పటికీ చూడవచ్చు. భూమి పైనుంచి నిలువు బావులు వరసగా దిగుతాయి, అడుగున నీళ్ళు చీకట్లో నడుస్తాయి. ఎండ తగలదు కాబట్టి వేడెక్కవు, ఆవిరై పోవు, పాచి పట్టదు. మన దొడ్లో కోడి గిన్నెకు కావలసినవీ అవే: ఎండ తగలని చోటు, మూత ఉన్న నీళ్ళు.

నీడ అంటే పొద్దుటి నీడ కాదు. పొద్దున ఎనిమిదింటికి గోడ పక్కన నీడ ఉంటుంది, పన్నెండింటికి అదే చోట నిప్పులు కురుస్తాయి. గిన్నె పెట్టే ముందు పన్నెండింటికొకసారి, మూడింటికొకసారి ఆ చోటుకు వెళ్ళి చూడండి. రెండు వేళలా నీడ ఉన్న చోటే సరైన చోటు. చెట్టు కిందయితే కొమ్మల మీద కాకులు, పావురాలు కూర్చునే చోటుకు సూటిగా కిందన పెట్టవద్దు. అవి వేసే రెట్టతో రోగాలు వస్తాయి. 2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చి కోళ్ళు కుప్పలుగా చచ్చిపోయిన సంగతి మీరు విన్నారు. బయటి పక్షి రెట్ట మన కోడి నీళ్ళలో పడకుండా చూసుకోవడం మన చేతిలో ఉన్న పని. పైన ఒక రేకు ముక్కో తాటాకో ఉంటే చాలు.

ఇక గిన్నె. మా అమ్మ కాలంలో కోడికని ప్రత్యేకంగా గిన్నె కొన్నవాళ్ళు లేరు. పగిలిన కుండ అడుగు, చెవి విరిగిన మూకుడు, కొబ్బరి చిప్ప, ఇవే కోడి పాత్రలు. అవి తక్కువవని నేననను. మట్టి పాత్రలో నీళ్ళు సన్నగా బయటికి చెమరుస్తాయి, ఆ తడి ఆరుతూ లోపలి నీళ్ళను చల్లబరుస్తుంది. మన రంజన్ కుండలో నీళ్ళు చల్లగా ఉండడానికి కారణం ఇదే. ఎండాకాలానికి మట్టి పాత్రను మించింది లేదని నా అభిప్రాయం. దానికి ఒకటే ఇబ్బంది. నీళ్ళు చెమర్చే ఆ సన్నటి రంధ్రాల్లోకే జిగురూ చేరుతుంది, ఎంత తోమినా పూర్తిగా పోదు. అందుకే రెండు చిప్పలు పెట్టుకోవాలి. ఒకటి దొడ్లో ఉంటే ఇంకొకటి బోర్లించి ఎండలో కాగుతూ ఉండాలి. రోజు మార్చి రోజు. లోపల నలుపు దిగి, ఎండబెట్టినా వాసన వస్తుంటే ఆ చిప్పను మొక్కకు ఇచ్చేసి కొత్తది తెచ్చుకోవాలి.

స్టీలు తోముకోవడానికి సుఖం, జిగురు నిలవదు. కానీ ఎండలో పెనంలా కాలుతుంది, తేలిక కాబట్టి పుంజు అంచు మీద కాలు వేస్తే బోర్లా పడుతుంది. నీడలో, ఇటుకల మధ్య కదలకుండా పెడితే మంచిదే.

జింకు పూసిన రేకు డబ్బాల గురించి కాస్త ఆగి చెప్పాలి. బీదరు పేరు చెబితే లోకమంతా బిద్రీ పనిని తలుచుకుంటుంది. జింకు, రాగి కలిపి పోత పోసి, వెండి తీగ పొదిగి, మన కోట మట్టితో నలుపు తెప్పించే ఆ పని మన ఊరి గౌరవం. కానీ జింకు అలంకారానికి మంచిది, పులుపుకు మంచిది కాదు. జింకు తొట్టిలో మామూలు నీళ్ళు కొద్దిసేపు ఉంటే పెద్ద ప్రమాదం లేదు. మనం ఎండాకాలంలో కోళ్ళకు చలవ చేస్తుందని పుల్ల మజ్జిగ కలిపి పోస్తాం, కొందరు నిమ్మరసం పిండుతారు. ఆ పులుపు జింకును కరిగించి నీళ్ళలోకి దింపుతుంది. ఎక్కువైతే కోడికి విషం. రాగి పాత్రకూ ఇదే మాట. మజ్జిగ పోయాలనుకుంటే మట్టి చిప్పలోనే పోయండి, రెండు గంటల్లో తాగగా మిగిలింది పారబోయండి.

ఇంకొకటి ఉంది, ఇది నేను బతిమాలి చెప్పే మాట. మన జిల్లాలో కంది ఉంది, సోయా ఉంది, చెరకు ఉంది. పురుగుమందు కొట్టని చేను అరుదు. మందు అయిపోయిన డబ్బా గట్టిగా ఉంటుంది, రంగుగా ఉంటుంది, పారేయడానికి మనసు ఒప్పదు. పదిసార్లు కడిగినా ఆ డబ్బాను కోడి నీళ్ళకు వాడకండి. మందు ప్లాస్టిక్ లోపలికి ఇంకి ఉంటుంది. ఆ నీళ్ళు తాగిన కోడి గుడ్డు మన పిల్లాడి పళ్ళెంలోకే వస్తుంది. రంగుల డబ్బాలకూ, ఇంజను ఆయిలు క్యాన్లకూ ఇదే చెబుతున్నాను. వంటనూనె క్యాను వాడండి, అది చాలు.

ఆ వంటనూనె క్యానుతోనే మంచి నీళ్ళ డబ్బా ఇంట్లో చేసుకోవచ్చు. జహీరాబాదు సంతలోనో బీదరు బజారులోనో ఎర్ర పళ్ళెం, తెల్ల డబ్బా ఉన్నవి దొరుకుతాయి, డబ్బాను నింపి తలకిందులుగా పళ్ళెం మీద నిలబెడతారు. అది కొన్నా సరే. చేసుకునేవాళ్ళు ఇలా చేయండి. ఐదు లీటర్ల క్యాను, దాని అడుగుకన్నా నాలుగు వేళ్ళు వెడల్పున్న పళ్ళెం తీసుకోండి. పళ్ళెం రెండంగుళాల లోతు ఉండాలి. క్యాను అడుగు నుంచి అంగుళం ఎత్తున మేకు కాల్చి ఒక రంధ్రం పెట్టండి. రంధ్రం పళ్ళెం అంచుకన్నా కిందికే ఉండాలి, ఇది మరిచిపోవద్దు. రంధ్రాన్ని వేలితో మూసి పైనుంచి నీళ్ళు నింపి, మూత గట్టిగా బిగించి, పళ్ళెంలో నిలబెట్టి వేలు తీయండి. నీళ్ళు పళ్ళెంలోకి వచ్చి, రంధ్రం మునగగానే ఆగిపోతాయి. కోడి తాగేకొద్దీ మట్టం దిగుతుంది, రంధ్రం తేలుతుంది, బుడబుడమని గాలి లోపలికి పోతుంది, అంత మేరకే నీళ్ళు బయటికి వస్తాయి. బయటి గాలి ఒత్తిడి పళ్ళెంలోని నీళ్ళను నొక్కి పట్టడం వల్లే క్యానులో నీళ్ళు నిలబడతాయి. నీళ్ళు ఆగకుండా పళ్ళెం పొంగి పారుతుంటే మూత దగ్గర గాలి దూరుతున్నట్టు. మూత బిగించండి, లేదా మూత కింద చిన్న రబ్బరు ముక్క వేయండి.

దీని మేలు ఏమిటంటే, నాలుగు లీటర్లు మూత కింద ఉంటాయి, రెండు వేళ్ళ వెడల్పు మాత్రమే బయటికి కనిపిస్తుంది. కోడి అందులో నిలబడదు, రెట్ట వేయదు. ఆవిరై పోయేది తక్కువ. మే నెలలో ట్యాంకరు కోసం, బోరు కరెంటు కోసం బిందెలు వరసగా పెట్టుకుని కూర్చునే మన ఊళ్ళల్లో, ఒలికిపోయే ప్రతి చెంబూ ఒక ఆడకూతురి నెత్తి మీద వచ్చిన నీళ్ళు. క్యాను తెల్లగా ఉంటే మాత్రం బయట గోనెపట్టా చుట్టండి. వెలుతురు తగిలితే లోపల పాచి పుడుతుంది. ఆ గోనెను మధ్యాహ్నం తడిపితే నీళ్ళు చల్లబడతాయి కూడా.

ఎత్తు సంగతి చాలామంది పట్టించుకోరు. గిన్నె అంచు కోడి వీపు ఎత్తున ఉండాలి. నేల మీద పెడితే గీరిన మట్టి, చెత్త అంతా అందులోనే పడుతుంది. కోడి నీళ్ళను మనలా పీల్చి మింగలేదు. పావురం పీలుస్తుంది గానీ కోడికి ఆ శక్తి లేదు. ముక్కుతో కొంచెం తీసుకుని, తల పైకెత్తి, గొంతులోకి జారనిస్తుంది. వీపు ఎత్తున ఉంటే దానికి సులువు, ఒలకబోయదు. ఒక ఇటుక, రెండు ఇటుకలు, పిల్లలు పెరిగేకొద్దీ ఇంకో ఇటుక. ఖర్చు లేని పని. గిన్నె ఒక్కచోటే పెట్టవద్దు కూడా. ప్రతి దొడ్లోనూ ఒక గయ్యాళి పెట్ట ఉంటుంది, మిగతావాటిని దగ్గరికి రానివ్వదు. ఒకదానికొకటి కనపడకుండా రెండు చోట్ల పెడితే భయపడే కోడికీ నీళ్ళు దొరుకుతాయి.

ఇప్పుడు కోడిపిల్లల మాట. ఇది చెప్పడం నాకు కష్టం. పెళ్ళయి వచ్చిన కొత్తలో నేను పొదిగించిన మొదటి పట్టు పదకొండు పిల్లలు. తల్లికోడిని, పిల్లల్ని గంప కింద పెట్టి, మంచి మనసుతోనే లోతు గిన్నె నిండా నీళ్ళు పెట్టాను. తెల్లారి గంప ఎత్తితే మూడు పిల్లలు గిన్నెలో తేలుతున్నాయి. ఒకటి గిన్నె పక్కన తడిసి వణుకుతూ ఉంది, మధ్యాహ్నానికి అదీ పోయింది. పుట్టిన పిల్లకు ఈకలు ఉండవు, నూగు మాత్రమే. తడిస్తే చలి పట్టుకుంటుంది, చలికే చచ్చిపోతుంది. మన బీదరు చలి డిసెంబరులో ఎట్లుంటదో మీకు తెలుసు.

అప్పటి నుంచి మా ఇంట్లో పిల్లలకు లోతు లేని మట్టి మూకుడే. అందులో ముందు గులకరాళ్ళు పరుస్తాను, రాళ్ళ సందుల్లో మాత్రమే నీళ్ళు కనిపించేట్టు పోస్తాను. ముక్కు మునుగుతుంది, ఒళ్ళు మునగదు. వారం, పది రోజులయ్యాక రాళ్ళు తీసేస్తాను. ఆ రాళ్ళనూ రోజూ కడగాలి, వాటికీ జిగురు పడుతుంది. పొదిగే పెట్ట సంగతీ ఇక్కడే చెప్పేస్తాను. 21 రోజులు అది గుడ్ల మీదే కూర్చుంటుంది, రోజుకు ఒక్కసారో రెండుసార్లో లేస్తుంది. లేచినప్పుడు రెండడుగుల దూరంలో నీళ్ళు ఉండాలి. వెతుక్కుంటూ దొడ్డంతా తిరిగితే గుడ్లు చల్లబడతాయి. గూట్లోనే పెడితే ఒలికి గుడ్లు తడుస్తాయి.

గిన్నె చుట్టూ నేల తడిగా ఉంటే కోళ్ళకు ఇంకో ప్రమాదం ఉంది. నెత్తురు పారుడు అంటాం, కాక్సిడియోసిస్. ఆ రోగపు గుడ్లు రెట్టలో బయటికి వస్తాయి. పొడి నేల మీద పడితే చాలావరకు వ్యర్థమవుతాయి, వెచ్చటి తడి నేల దొరికితే ఒకటి రెండు రోజుల్లో రోగం పుట్టించే శక్తి తెచ్చుకుంటాయి. బ్లీచింగు పొడికి అవి చావవు. మందుకన్నా పొడి నేలే వాటికి విరుగుడు. అందుకే గిన్నె కింద ఇటుకలు పరిచి, చుట్టూ ఇసుకో బూడిదో చల్లమంటాను. తడిసిన చెత్త ఏ రోజుది ఆ రోజు ఎత్తేయండి.

తోమడం గురించి. గిన్నె లోపల వేలు పెట్టి రాస్తే జారుడుగా తగులుతుంది చూడండి, అది వట్టి నీటి తడి కాదు. సూక్ష్మజీవులు కట్టుకున్న ఇల్లు అది. నీళ్ళు పారబోసి మళ్ళీ నింపితే ఆ ఇల్లు కదలదు. కొబ్బరి పీచుతో గీరి తోమితేనే పోతుంది. పొద్దున కోళ్ళను వదిలే ముందు పాత నీళ్ళు పారబోసి, తోమి, కొత్త నీళ్ళు పోయాలి. వారానికి ఒకరోజు బ్లీచింగు పొడి కలిపిన నీళ్ళలో పావుగంట నానబెట్టి, బాగా కడిగి, ఎండలో ఆరబెట్టాలి. బోరు నీళ్ళ ఉప్పు తెల్లగా గారలా కడితే చింతపండుతోనో నిమ్మచెక్కతోనో రుద్దండి. కానీ బ్లీచింగు పొడినీ పులుపునూ ఒకేసారి కలపకండి. ఘాటు గాలి పుట్టి ఊపిరితిత్తులకు హాని చేస్తుంది. ఒకటి పూర్తిగా కడిగాకే ఇంకొకటి.

రోజూ పారబోయడంలో మనుషులకూ లాభం ఉంది. డెంగీ దోమ గుడ్లు పెట్టేది ఇలాంటి గిన్నెల గోడల మీదే. గుడ్డు దోమగా మారి ఎగిరిపోవడానికి వారం, పది రోజులు పడుతుంది. రోజూ గీరి తోమే గిన్నెలో దానికి ఆ వ్యవధి దొరకదు.

ఒక్క రోజు మాత్రం గిన్నె, నీళ్ళ నియమాలు మారతాయి. అది టీకా రోజు. కొక్కెర తెగులు, డాక్టర్లు రాణిఖేత్ అంటారు, మన పెరటి కోళ్ళను ఊరు ఊరంతా ఊడ్చేసే రోగం. పిల్లలకు మొదటి వారంలో లసోటా టీకా చుక్క కంట్లోనో ముక్కులోనో వేస్తారు, ఎనిమిదో వారంలో ఇంజెక్షను ఇస్తారు. కొన్నిసార్లు లసోటాను నీళ్ళలో కలిపి తాగిస్తారు. ఆ టీకాలో ఉన్నది బతికున్న వైరసు. నీళ్ళలో బ్లీచింగు గానీ, గిన్నెకు సబ్బు గానీ అంటి ఉంటే అది చచ్చిపోతుంది, టీకా వేసీ వేయనట్టే. ఆ రోజు బ్లీచింగు కలపని బావి నీళ్ళు వాడాలి. లోహపు గిన్నె పనికిరాదు, మట్టిది గానీ ప్లాస్టిక్ గానీ ఉండాలి. అంతకుముందు ఒకటి రెండు గంటలు కోళ్ళకు నీళ్ళు ఆపితే, ఇచ్చినప్పుడు అన్నీ ఒక్కసారే తాగేస్తాయి. వెన్న తీసిన పాలపొడి లీటరుకు ఐదు గ్రాములు కలిపితే వైరసు కాసేపు నిలుస్తుంది. ఈ పని పశువుల డాక్టరును అడిగి చేయండి. మనకు దూరం పోవాల్సిన పని కూడా లేదు. కర్ణాటక పశువైద్య, పశు, మత్స్య విజ్ఞానాల విశ్వవిద్యాలయం 2004లో ఏర్పడింది, దాని కేంద్రం బీదరు నందినగరులోనే ఉంది. అటు హైదరాబాదు రాజేంద్రనగరులో కోళ్ళ పరిశోధన సంస్థ ఉంది, వనరాజా, గ్రామప్రియ జాతి కోడిపిల్లలు అక్కడివే. ఇంత పెద్ద చోట్ల మధ్యలో ఉన్నవాళ్ళం, అడగడానికి మొహమాటపడకూడదు.

వనరాజా, గిరిరాజ లాంటి జాతి కోళ్ళు తెచ్చుకున్న ఇళ్ళకు ఒక మాట. అవి ఒళ్ళు ఎక్కువున్న కోళ్ళు, నాటుకోడికన్నా ఎక్కువ తాగుతాయి, ఎండకు తొందరగా సొమ్మసిల్లుతాయి. నాటుకోడి లెక్కతో వాటికి నీళ్ళు పెడితే చాలవు.

సాయంత్రం సంగతి చెప్పి ముగిస్తాను. కోడి పొద్దున గూటి నుంచి దిగగానే బాగా తాగుతుంది, మళ్ళీ గూటికెక్కే ముందు బాగా తాగుతుంది. చీకట్లో తాగదు. మనం పొద్దున ఒక్కసారి నింపి ఊరుకుంటాం, సాయంత్రానికి గిన్నె అడుగంటి ఉంటుంది. సరిగ్గా దానికి కావలసిన వేళకు నీళ్ళుండవు. చేను నుంచి వచ్చి కాళ్ళు కడుక్కునేటప్పుడు ఒక చెంబు అటు కూడా పోయండి.

మా అత్తమ్మ ఇప్పుడు స్టీలు గిన్నె వాడడం లేదు. మట్టి మూకుళ్ళు రెండు, గోనె చుట్టిన క్యాను ఒకటి. రోజూ మధ్యాహ్నం ఒకసారి దొడ్లోకి పోయి నీళ్ళలో వేలు పెట్టి చూసి వస్తుంది. మీరూ రేపు మధ్యాహ్నం రెండింటికి అట్లే వేలు పెట్టి చూడండి. నీళ్ళు వెచ్చగా తగిలితే నీడకు మార్చండి, గిన్నె జారుడుగా తగిలితే తోమండి.